దక్కన్ ఆకాశం – 7: లెక్కల్లోకి రాని నీహారికలు

గత భాగంలో విశాఖపట్నంలో గోడే వెంకట జగ్గారావు 1840లో సొంత ఖర్చుతో పెట్టుకున్న వేధశాలను, ఆయన తర్వాత దాన్ని నిలబెట్టిన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు 1874 నాటి శుక్ర సంక్రమణాన్ని పరిశీలించిన వైనాన్ని చూశాం. ఈసారి తీరం వదిలి నిజాం రాజ్యానికి వస్తున్నాం. ఇక్కడ కూడా కథ ఒక సంపన్నుడి సరదాతోనే మొదలవుతుంది. పైగా వంశానికి చెందిన నవాబ్ జఫర్ జంగ్‌కు ఆకాశమంటే పిచ్చి. గ్రబ్ తయారుచేసిన 15 అంగుళాల టెలిస్కోప్ కొన్నాడు, హైదరాబాద్‌లో ఫిసల్‌బండ దగ్గరున్న తన స్థలంలో వేధశాలకు ఏర్పాట్లు చేసుకున్నాడు. దానికి నిజామియా అని పేరు పెట్టుకోనివ్వమని, తన తదనంతరం ప్రభుత్వమే దాని బాగోగులు చూడాలని 1901లో ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్‌ను కోరాడు. 1907లో కన్నుమూశాడు. మరుసటి ఏడాది ప్రభుత్వం వేధశాలను తన చేతుల్లోకి తీసుకుంది. ఆర్థర్ చాట్‌వుడ్ డైరెక్టరుగా వచ్చాడు, మకాం బేగంపేటకు మారింది, కుక్ కంపెనీ తయారుచేసిన 8 అంగుళాల ఆస్ట్రోగ్రాఫ్ బిగించారు. అంటే కంటితో చూడటానికి కాకుండా, గాజు పలకల మీద ఆకాశాన్ని ఫొటో తీయడానికే చేసిన టెలిస్కోప్. నవాబు మోజుపడి కొన్న గ్రబ్ టెలిస్కోప్‌ను మాత్రం 1922లో గానీ నిలబెట్టలేదు. కొన్నవాడు పోయిన పదిహేనేళ్లకన్నమాట.

ఆ ఏళ్ల తేడాను కేవలం ఆఫీసు జాప్యంగా కొట్టిపారేయలేం. సొంతంగా కొనుక్కున్నవాడికి టెలిస్కోప్ అంటే తనకు నచ్చినదాన్ని నచ్చినంతసేపు చూసే సాధనం. ప్రభుత్వ ఖర్చుతో నడిచే వేధశాలకు మాత్రం చెప్పుకోదగ్గ పని ఉండాలి, ఏటా నివేదికలో రాసుకోవడానికి ఏదో ఒకటి కనబడాలి. హైదరాబాద్‌కు అలాంటి పని సిద్ధంగా దొరికింది. 1887లో పారిస్‌లో అడ్మిరల్ మూషే పిలిచిన అంతర్జాతీయ సమావేశం ఆకాశమంతటినీ ఫొటోల్లోకి ఎక్కించాలని తీర్మానించింది. ఆకాశాన్ని అడ్డపట్టీలుగా కోసి పద్దెనిమిది వేధశాలలకు పంచింది. చిలీలోని శాంటియాగో తన పట్టీని పూర్తిచేయలేకపోయింది. ఖగోళ మధ్యరేఖకు దక్షిణాన 17 నుంచి 23 డిగ్రీల దాకా ఉన్న ఆ పట్టీ నిజామియాకు వచ్చింది. 1914లో డైరెక్టరైన రాబర్ట్ పోకాక్ ఆక్స్‌ఫర్డ్‌లో ప్రొఫెసర్ టర్నర్ దగ్గర సరిగ్గా ఈ విద్యే నేర్చుకున్నవాడు. 1918లో ఆయన మరణించాక టి.పి. భాస్కరన్ బాధ్యత తీసుకుని పాతికేళ్లకు పైగా ఆ పనిని ముందుకు నడిపాడు. దక్షిణ పట్టీ ముగిశాక ఉత్తరాన 36 నుంచి 39 డిగ్రీల పట్టీని కూడా చేశారు. 1919 నుంచి వేధశాల ఉస్మానియా విశ్వవిద్యాలయం కిందికి వచ్చింది. లక్షల నక్షత్రాల స్థానాలు సంపుటాలుగా అచ్చయ్యాయి.

ఒక పలకను దగ్గరగా చూస్తే ఆ పని స్వభావం తెలుస్తుంది. ఈ పథకంలో పలక మీద ఆకాశం పడకముందే సన్నని గళ్లు ముద్రిస్తారు, గీతకూ గీతకూ మధ్య 5 మిల్లీమీటర్లు. జాబితా పలకలకు ఒకే చోటును మూడుసార్లు ఎక్స్‌పోజ్ చేయాలని నియమం: ఆరు నిమిషాలు, మూడు నిమిషాలు, ఇరవై సెకన్లు. ప్రతిసారీ టెలిస్కోప్‌ను కాస్త జరుపుతారు. దాంతో ప్రతి నక్షత్రానికీ మూడు చుక్కలు పక్కపక్కనే పడతాయి, దుమ్ము మరకను నక్షత్రమని పొరబడే వీలుండదు. తర్వాత పలకను సూక్ష్మదర్శిని కింద పెట్టి, ఏ గడిలో ఏ చుక్క గీతకు ఎంత దూరంలో ఉందో కొలిచి పుస్తకంలో రాస్తారు. పదకొండో తరగతి కాంతి దాకా నక్షత్రాలు దొరికితే పథకం అడిగినంత దొరికినట్టే. ఈ ఏర్పాటులో నీహారికకు చోటు లేదు. దానికి అంచు ఉండదు, చుక్క ఉండదు, గీత నుంచి కొలవడానికి పట్టు దొరకదు. ఆరు నిమిషాల్లో దాని వెలుగు పలకకు ఎక్కడం కూడా అనుమానమే. హైదరాబాద్‌కు వచ్చిన దక్షిణ పట్టీలోనే హెలిక్స్ నీహారిక ఉంది, దాదాపు సగం పూర్ణచంద్రుడంత వెడల్పుగా పరచుకుని. ఢీకొంటున్న రెండు గెలాక్సీల జంట ‘యాంటెనే’ కూడా ఆ పట్టీలోదే. ట్రిఫిడ్ నీహారిక సరిగ్గా దాని దక్షిణపు గట్టు మీద కూర్చుంది. ఏళ్ల తరబడి కెమెరాను వాటి వైపే తిప్పిన వేధశాల పేరు చెబితే ఈనాటికీ గుర్తొచ్చేది నక్షత్రాల పట్టిక. నీహారికల ఫొటో ఎవరికీ గుర్తురాదు.

ఇది హైదరాబాద్ లోపమని నేను అనడం లేదు. నా వాదన వేరు. నీహారికల, గెలాక్సీల ఫొటో మొదటినుంచీ ఉద్యోగ బాధ్యతల్లో ఇమిడే పని కాదు. తన రాత్రుల మీద తనకే హక్కున్న ఔత్సాహికుల చేతుల్లో అది పుట్టింది, పెరిగింది, ఇవాళ్టికీ చాలావరకు వాళ్ల చేతుల్లోనే ఉంది. పుట్టుకనే చూడండి. నీహారికల్లో కొన్ని నక్షత్రాల గుంపులు కావని, వేడెక్కిన వాయువులని 1864లో వర్ణపటంతో తేల్చిన విలియం హగ్గిన్స్ లండన్‌లో బట్టల వ్యాపారం అమ్మేసుకుని ఇంటి దొడ్లో టెలిస్కోప్ పెట్టుకున్నవాడు. 1880 సెప్టెంబర్ 30న ఓరియన్ నీహారికను తొలిసారి ఫొటో తీసిన హెన్రీ డ్రేపర్ న్యూయార్క్ వైద్యుడు. ఆ ఫొటోకు 51 నిమిషాలు పట్టింది. 1883లో అదే నీహారికను ఇంకా లోతుగా తీసి, కంటికి ఏ టెలిస్కోప్‌లోనూ కనబడని నక్షత్రాలను పలక మీద చూపిన ఆండ్రూ కామన్ పారిశుద్ధ్య ఇంజినీరు. 1888 డిసెంబర్‌లో లివర్‌పూల్ దగ్గర నాలుగు గంటల ఎక్స్‌పోజర్‌తో ఆండ్రోమెడా సుడి ఆకారాన్ని లోకానికి చూపిన ఐజక్ రాబర్ట్స్ ఇళ్లు కట్టించే కాంట్రాక్టర్. ఈ నలుగురిలో ఏ ఒక్కరికీ ఆకాశం జీతమిచ్చే పని కాదు.

ఎందుకిలా? కారణం కొంత భౌతికశాస్త్రంలో ఉంది, కొంత జమాఖర్చుల్లో. నక్షత్రం బిందువు. అద్దం ఎంత పెద్దదైతే అంత కాంతి ఆ ఒక్క బిందువులోకి చేరుతుంది కాబట్టి పెద్ద టెలిస్కోప్ ముందు చిన్నది నిలవలేదు. నీహారిక వెలుగు అలా ఒకచోట ఉండదు, పలచగా పరచుకుని ఉంటుంది. కెమెరాలో ఒక్కో గడి మీద ఎంత వెలుగు పడుతుందన్నది అద్దం వ్యాసం ఒక్కదాని మీద ఆధారపడదు. నాభ్యంతరం ఆ వ్యాసానికి ఎన్ని రెట్లు అన్న నిష్పత్తి దాన్ని తేలుస్తుంది. అందుకే నాలుగంగుళాల కటకం కూడా నిష్పత్తి తక్కువగా ఉంటే విశాలమైన నీహారికను బాగానే పట్టగలదు. పెద్ద టెలిస్కోపులకు చూపు ఇరుకు, అంత వెడల్పు వస్తువు వాటి చట్రంలో పట్టదు. ఇక మిగిలేది సమయం. రెండింతలు శుభ్రమైన ఫొటో కావాలంటే నాలుగింతల సేపు తీయాలి. గంట సరిపోలేదంటే నాలుగు గంటలు, అదీ చాలలేదంటే పదహారు. పెద్ద వేధశాలలో ఒక్కో రాత్రికీ దరఖాస్తులు, కమిటీలు, వరుసలు. ఇప్పటికే పేరున్న నీహారిక మీద పదహారు గంటలు ఇవ్వమని ఏ కమిటీని ఒప్పించగలం? పొలం గట్టు మీద ట్రైపాడ్ పాతుకున్నవాడు ఎవరినీ అడగనక్కర్లేదు, అమావాస్య దగ్గరపడితే చాలు.

వెంటనే వచ్చే మొదటి అభ్యంతరం డబ్బు గురించి. కామన్, రాబర్ట్స్, జఫర్ జంగ్ అందరూ కలిగినవాళ్లే కదా, దీన్ని ఔత్సాహికుల విజయం అనడం కన్నా సొమ్మున్నవాళ్ల విజయం అనడం న్యాయం కాదా? కొంతవరకు న్యాయమే. ఇప్పటికీ మంచి మౌంట్ (టెలిస్కోప్‌ను ఆకాశంతో పాటు తిప్పే పీఠం), చల్లబరిచే కెమెరా కొనాలంటే మన ఊళ్ల లెక్కలో చిన్న మొత్తమేమీ కాదు. అయితే సొమ్ము ఒక్కటే ఫలితమిచ్చి ఉంటే, 15 అంగుళాల టెలిస్కోప్ కొన్న నవాబు పేరు మీద ఒక్క నీహారికైనా నిలిచి ఉండాలి. రాబర్ట్స్‌ను నిలబెట్టింది పలకలు మార్చుకుంటూ, గంటల తరబడి టెలిస్కోప్‌ను తారతో పాటే నడిపించిన ఓపిక. ఆ కష్టంలో పెద్ద భాగాన్ని ఇప్పుడు యంత్రం మోస్తోంది. భూమి తిరుగుడు వల్ల ఆకాశం సెకనుకు 15 ఆర్క్‌సెకన్లు జరుగుతుంది. 400 మిల్లీమీటర్ల కటకానికి 4 మైక్రాన్ల గడులున్న కెమెరా తగిలిస్తే ఒక్క సెకనులో నక్షత్రం ఏడు గడులు దాటేస్తుంది. పక్కనే బిగించిన చిన్న గైడ్ కెమెరా ఒక తారను పట్టుకుని, అది కాస్త పక్కకు జరగ్గానే మోటారుకు చెబుతుంది. ఒకప్పుడు రాబర్ట్స్ కన్ను చేసిన పని అది.

రెండో అభ్యంతరం బలమైనది. ఔత్సాహికులు బొమ్మ తీశారు, అర్థం చెప్పింది మాత్రం వృత్తి శాస్త్రజ్ఞులే అంటారు. నిజమే. తాను తీసిన ఆండ్రోమెడాను రాబర్ట్స్ పుట్టుకొస్తున్న సౌరకుటుంబం లాంటిదనుకున్నాడు. అది మన పాలపుంతకు బయట ఉన్న మరో పాలపుంత అని తేలడానికి 1923లో మౌంట్ విల్సన్ 100 అంగుళాల టెలిస్కోప్, అందులో ఎడ్విన్ హబుల్ పట్టిన, దూరం కొలవడానికి పనికొచ్చే ఒక్క సెఫీడ్ నక్షత్రం కావలసి వచ్చాయి. ఫొటో తనంతట తాను మాట్లాడదు, దూరం తెలియనిదే సుడి ఆకారం చూసి ఏ సిద్ధాంతమైనా అల్లుకోవచ్చు. కానీ ఈ అభ్యంతరం నా వాదనను కొట్టేయదు, దానికి హద్దు గీస్తుంది. ఎవరికి ఏది చేతనవుతుందో చెబుతుంది. అదే హద్దు అటువైపు కూడా వర్తిస్తుంది. హైదరాబాద్ చేసిన లెక్కల పనిని ఎగతాళి చేసేవాళ్లున్నారు: ఆకాశమంతా ముందుండగా గళ్లలో చుక్కలు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నారని. ఆ పాత జాబితాలన్నిటినీ యూరప్ అంతరిక్ష సంస్థ హిప్పార్కస్ ఉపగ్రహం ఇచ్చిన కొలతలతో పోల్చి, 2000లో 25 లక్షల నక్షత్రాల కదలికలతో టైకో-2 జాబితా తయారుచేశారు. నక్షత్రం ఎటు కదులుతోందో తెలియాలంటే వందేళ్ల కింద అది ఎక్కడుందో ఎవరో ఒకరు రాసిపెట్టి ఉండాలి. బేగంపేటలో కళ్లు కాయలు కాచేలా రాసిపెట్టారు. నీహారికలను వదిలేసినందుకు దక్కిన ప్రతిఫలం అది, తక్కువదేమీ కాదు.

ఆ వేధశాల గోడల నీడలోనే పెరిగిన ఒక కుర్రవాడు రెండు లోకాలకూ చెందినవాడయ్యాడు. తండ్రి నిజామియాలో పనిచేసేవాడు. కొడుకు వేణు బప్పు నిజాం కాలేజీలో చదువుకుంటూనే మారే నక్షత్రాలను సొంతంగా పరిశీలించి వ్యాసాలు రాశాడు. హైదరాబాద్ ప్రభుత్వ స్కాలర్‌షిప్‌తో హార్వర్డ్‌కు వెళ్లి, 1949లో తాను తీసిన పలక మీద ఒక కొత్త తోకచుక్కను గుర్తించాడు. దాన్ని నిర్ధారించిన ఇద్దరిలో ఒకరు బార్ట్ బాక్. నీహారికల్లో కనబడే చిన్న చీకటి ముద్దలను మనం బాక్ గుళికలు అంటాం కదా, ఆ బాక్ ఈయనే. ఆ తోకచుక్క దొరికింది కూడా వెతికితే కాదు. నియమిత పనికోసం తీసిన పలకను ఓపిగ్గా చూస్తే దొరికింది.

మూడో అభ్యంతరం ఈ కాలానిది. ఆండ్రోమెడాను, ఓరియన్‌ను హబుల్ టెలిస్కోప్ తీసింది, జేమ్స్ వెబ్ తీస్తోంది. ఇంకా ఇంటి కెమెరాతో తీసి ఏం సాధిస్తారు, తీసిన ఫొటో తీయడం తప్ప? దీనికి జవాబు 2023 జనవరిలో దొరికింది. యాన్ సాంటీ, మార్సెల్ డ్రెక్స్‌లర్, జేవియర్ స్ట్రోట్నర్ అనే ముగ్గురు ఔత్సాహికులు ఆండ్రోమెడా పక్కనే, ఆక్సిజన్ వాయువు వెలువరించే నీలిపచ్చ కాంతిలో, మూడు పూర్ణచంద్రులంత పొడవున్న ఒక వంపు మబ్బును ప్రకటించారు. వాడింది నాలుగంగుళాల పైచిలుకు కటకం. ఎక్స్‌పోజర్లన్నీ కలిపితే వంద గంటలు దాటాయి. లోకంలో మరే గెలాక్సీకీ లేనన్ని ఫొటోలున్న గెలాక్సీ పక్కన, ఏ పెద్ద వేధశాల ఫొటోల్లోనూ ఎవరూ గుర్తించని మబ్బు అది. హబుల్ చూపు ఇరుకు, సాధారణ ఫొటోలు ఆ ఒక్క రంగును వేరుచేయవు, ఆ రంగు మీద వంద గంటలు ఎవరూ ఖర్చుపెట్టలేదు, అంతే. ఆ మబ్బు ఆండ్రోమెడా దగ్గరిదా, లేక మన పాలపుంతలోదే దారిలో అడ్డొచ్చిందా అన్న చర్చ వృత్తి శాస్త్రజ్ఞుల్లో నడిచింది. బొమ్మ ఒకరిది, అర్థం ఒకరిది అన్న పాత పంపకమే మళ్లీ.

ఈ ఫొటోల రంగులన్నీ కంప్యూటర్‌లో కలిపినవేనన్న ఫిర్యాదు కూడా వింటుంటాం. కొంత నిజం, కొంత అపార్థం. ఓరియన్ నీహారికలో హైడ్రోజన్ 656 నానోమీటర్ల దగ్గర ఎర్రగా వెలుగుతుంది. మామూలు కెమెరా లోపలి ఫిల్టర్ ఆ ఎరుపులో ఎక్కువ భాగాన్ని ఆపేస్తుంది కాబట్టే దాన్ని తీయించుకుంటారు. ఆ ఎరుపు కల్పన కాదు, మన కన్ను మసక వెలుతురులో రంగులు పట్టలేకపోవడమే లోటు. వందల ఫొటోలను ఒకదాని మీద ఒకటి పేర్చి సగటు తీయడం, మూత పెట్టి తీసిన డార్క్ ఫ్రేములతో కెమెరా వేడి మచ్చలను తీసివేయడం కూడా అబద్ధం చేర్చడం కాదు, ఉన్న అబద్ధాన్ని తగ్గించడం. ఆ తర్వాత కృత్రిమ మేధతో నక్షత్రాలను చెరిపి, లేని పోగులను సన్నగా గీయించుకునేవాళ్లు మాత్రం ఫొటో హద్దు దాటినట్టే. ఎంత ఎక్స్‌పోజర్, ఏ ఫిల్టర్, ఏమేం చేశారు అన్నది రాసిపెట్టని ఫొటో చూడ్డానికి బాగుంటుంది, సాక్ష్యానికి మాత్రం పనికిరాదు.

ఇలాంటి ఫొటోకు చీకటి ఆకాశం కావాలి. అందుకు ఉదాహరణగా ఇప్పుడు నారాయణఖేడ్ దగ్గరికి వద్దాం. 1956 దాకా బీదర్ జిల్లాలో ఉండి, రాష్ట్రాల పునర్విభజనలో మెదక్‌కు, 2016లో సంగారెడ్డికి చేరిన ఈ ప్రాంతం హైదరాబాద్‌కు వాయవ్యంగా, తిన్నగా గీత గీస్తే వంద కిలోమీటర్ల పైచిలుకు దూరంలో ఉంది. బేగంపేట ఆకాశాన్ని నగరం మింగేశాక ఉస్మానియా విశ్వవిద్యాలయం 1968 నాటికే జపాల్-రంగాపూర్‌కు 48 అంగుళాల కొత్త టెలిస్కోప్‌తో తరలిపోవలసి వచ్చింది. నగరం మధ్యలో ఉన్నవాళ్లు కూడా వాయు నీహారికలను ఎలాగో తీసుకోగలరు. ఆక్సిజన్, హైడ్రోజన్ ఒక్కో రంగులోనే వెలుగుతాయి కాబట్టి ఆ రంగును మాత్రమే వదిలే ఇరుకు ఫిల్టర్ వీధిదీపాల వెలుగులో ఎక్కువ భాగాన్ని తుడిచేస్తుంది. గెలాక్సీలకు ఆ ఉపాయం పారదు. గెలాక్సీ వెలుగంటే కోట్ల నక్షత్రాల వెలుగు, అన్ని రంగులూ అందులో ఉంటాయి, ఫిల్టర్ వేస్తే దాన్నే కోసేసుకున్నట్టు. వాటికి చీకటి ఊరు తప్ప దారి లేదు.

18 డిగ్రీల ఉత్తర అక్షాంశం ఇక్కడ అనుకోని లాభం తెస్తుంది. పాలపుంత నడిబొడ్డు, దాని చుట్టూ ఉన్న లగూన్, ట్రిఫిడ్ నీహారికలు సాయంత్రం పొద్దుపోయాక పైకి వచ్చేది సరిగ్గా వానాకాలంలో. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా మబ్బుల కిందే పోతాయి. వాటికోసం ఫిబ్రవరి, మార్చి నెలల్లో తెల్లవారుజామున లేవాలి. కన్యారాశిలోని గెలాక్సీల గుంపు అలా కాదు. అది ఖగోళ మధ్యరేఖకు ఉత్తరాన 12 డిగ్రీల చుట్టుపక్కల ఉంటుంది, అంటే నారాయణఖేడ్‌లో దాదాపు నడినెత్తిన దాటుతుంది, అదీ మార్చి, ఏప్రిల్ నెలల పొడి రాత్రుల్లో. నడినెత్తిన ఉన్నప్పుడు గాలిపొర అతి పలుచగా అడ్డం వస్తుంది. లండన్‌లో అదే గుంపు 50 డిగ్రీల ఎత్తుకు మించదు. కష్టాలూ ఉన్నాయి. ధ్రువనక్షత్రం ఇక్కడ 18 డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది. చెట్టో, మిద్దో, దుమ్మో అడ్డమొస్తే మౌంట్‌ను ఉత్తరానికి సరిచూసుకోవడం నానా యాతన. ఏప్రిల్ రాత్రి వేడికి చల్లబరచని కెమెరాలో మచ్చలు ఎక్కువవుతాయి. ఈ విషయంలో చలికాలమే నయం. సంగారెడ్డి జిల్లా పడమటి మండలాల్లో, ముఖ్యంగా కోహీర్‌లో, రాష్ట్రంలోకెల్లా తక్కువ ఉష్ణోగ్రతలు నమోదయ్యాయని ఏటా పేపర్లలో వస్తూనే ఉంటుంది.

ఇంకో ఊరు వెతుక్కుంటే పోదా అని అనేవాళ్లకు దిక్కులు చూపించాలి. నారాయణఖేడ్‌కు ఆగ్నేయాన హైదరాబాద్ వెలుగు, పడమర బీదర్. దక్షిణాన నలభై కిలోమీటర్లకు పైబడి జహీరాబాద్, ఆ పక్కనే న్యాల్‌కల్, ఝరాసంగం మండలాల్లో 12 వేల ఎకరాల పైచిలుకులో ప్రణాళిక వేసిన పారిశ్రామిక వాడ నిమ్జ్. లడఖ్‌లోని హాన్లేలో, మహారాష్ట్రలోని పెంచ్‌లో దీపాలకు కిందికి మాత్రమే వెలుగు పడేలా డొప్పలు బిగించి, పసుపు రంగు దీపాలు పెట్టి చీకటిని కాపాడుకుంటున్నారు. ఆ పని స్తంభాలు పాతకముందే చేస్తే ఖర్చు తక్కువ, పాతాక చేయాలంటే ఒక్కో స్తంభమూ ఎక్కాలి. నడినెత్తినుండే కన్యారాశి గుంపుకు నిమ్జ్ దీపాలతో అంత ముప్పు లేదు. దక్షిణ దిక్కు గెలాక్సీలకే ఉంది. ఎం-83 ఇక్కడ 42 డిగ్రీల ఎత్తుకు వస్తుంది, సెంటారస్-ఏ 29 డిగ్రీలకు మించదు. జహీరాబాద్ మీది వెలుగు ముందుగా కమ్మేది ఆ సెంటారస్-ఏనే.